180 లీటర్లు వడకట్టి లీటరున్నర మాత్రమే విసర్జించడం ఎందుకు?

విజయవాడలో ఇంటర్మీడియట్ బైపీసీ చదువుతున్న మీరు మూడు విషయాలు అడిగారు. మూత్రపిండాలు రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి చివరకు లీటరున్నర మూత్రాన్నే బయటికి పంపుతాయని పాఠంలో చదివారు. వ్యర్థాలను తీసివేయడమే వాటి పని అయితే అంత ద్రవాన్ని వడకట్టడం దేనికి, మళ్ళీ దానిని వెనక్కి తీసుకోవడం దేనికి అన్నది మొదటి ప్రశ్న. మే నెల ఎండలో కోచింగ్ నుంచి ఇంటికి చేరేసరికి మూత్రం కొద్దిగా, ముదురు పసుపు రంగులో వస్తున్నదనీ, మూత్రపిండాలు దెబ్బతింటున్నాయేమోనని భయంగా ఉందనీ రెండవది. మధుమేహం ఉన్న మీ తాతగారికి, 75 ఏళ్ళ వయసులో, రక్తపరీక్షలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం 1.1 మాత్రమే ఉన్నా మూత్రపరీక్షలో ఆల్బుమిన్ అనే రక్తప్రోటీన్ కనిపించిందనీ, ఈ రెండింటిలో దేనిని నమ్మాలనీ మూడవది. గుంటూరులో వైద్యవిద్యార్థులకు చాలాకాలం శరీరధర్మశాస్త్రం బోధించినవాడిగా నాకు తోచేదేమిటంటే, మూడు ప్రశ్నలకూ మూలం ఒకటే. మూత్రపిండంలో వడపోత పని చేసే అతిచిన్న భాగమైన నెఫ్రాన్ చెడును ఏరి పారవేయదు. రక్తంలోని నీటినీ అందులో కరిగి ఉన్న చిన్న అణువులన్నిటినీ ముందు బయటికి వదిలేసి, వాటిలో శరీరానికి కావలసినవాటిని ఏరి వెనక్కి తీసుకుంటుంది. మన ప్రాంతపు కళ్ళాల్లో ఆరబోసిన మిర్చి నుంచి తాలుకాయలను ఏరి పక్కన పడవేసే పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు: ఇక్కడ రాశి మొత్తాన్ని ముందు గుమ్మం బయట పోసి, మంచి కాయలను మాత్రమే ఏరి లోపలికి చేరుస్తారు, ఏరగా మిగిలినదే మూత్రం.

ఒక్కొక్కటి సుమారు 150 గ్రాముల బరువుండే రెండు మూత్రపిండాలు కలిసి శరీరపు బరువులో అర శాతం కూడా ఉండవు. అయినా గుండె నిమిషానికి పంపే రక్తంలో ఐదో వంతు, అంటే దాదాపు 1.1 లీటర్లు, వాటి గుండా ప్రవహిస్తుంది. ఒక్కో మూత్రపిండంలో సగటున పది లక్షల నెఫ్రాన్లుంటాయి. ఈ సంఖ్య మనిషికీ మనిషికీ చాలా మారుతుంది. శిశువు పుట్టడానికి ముందే, గర్భంలో సుమారు 36వ వారం నాటికి, నెఫ్రాన్ల నిర్మాణం ఆగిపోతుంది. ఆ తరువాత ఒక్క కొత్త నెఫ్రాన్ కూడా పుట్టదు. వయసుతోనో వ్యాధితోనో నశించినవాటి పనిని మిగిలినవి పెరిగి పంచుకోవలసిందే. నెలలు నిండకుండా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల మూత్రపిండాల గురించి వైద్యులు ఎక్కువ జాగ్రత్త చెప్పడానికి కారణం ఇదే.

నెఫ్రాన్ మొదటి భాగం రక్తకేశనాళికా గుచ్ఛం, దానిని చుట్టుకొని ఉన్న బౌమన్ గుళిక. ఈ గుచ్ఛాలను 1666లో మాల్పీఘీ వర్ణించాడు. గుళిక నేరుగా నెఫ్రాన్‌లోని మిగిలిన భాగమైన సన్నని నాళికతో కలిసి ఉంటుందని 1842లో విలియం బౌమన్ చూపించాడు. అయితే గుచ్ఛం నీటిని స్రవిస్తుందనీ, వ్యర్థాలను నాళిక గోడలు స్రవిస్తాయనీ ఆయన ఊహించాడు. అదే కాలంలో కార్ల్ లూడ్విగ్ మరొక మాట అన్నాడు: గుచ్ఛంలో జరిగేది కేవలం పీడనంతో జరిగే వడపోత అనీ, ఆ ద్రవం నాళికలో పోతూ చిక్కబడుతుందనీ. ఈ వివాదం ఎనభై ఏళ్ళు నడిచింది. 1924లో వెర్న్, రిచర్డ్స్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు కప్ప మూత్రపిండంలోని ఒకే ఒక్క బౌమన్ గుళికలోకి వెంట్రుకకన్నా సన్నని గాజుగొట్టాన్ని గుచ్చి, అందులోని ద్రవాన్ని తీసి పరీక్షించారు. అందులో ప్రోటీన్ లేదు. కానీ గ్లూకోజ్ ఉంది, క్లోరైడ్ ఉంది. అదే కప్ప మూత్రాశయంలోని మూత్రంలో మాత్రం గ్లూకోజ్ లేదు. గుళికలో ఉన్నది మూత్రంలో లేదంటే దారిలో ఎవరో వెనక్కి తీసుకున్నారన్నమాటే కదా. శరీరధర్మశాస్త్రంలో ఇంత సూటిగా తేలిపోయిన వివాదాలు తక్కువ. ప్రతి విద్యార్థీ ఈ ప్రయోగాన్ని ఒకసారి మనసులో చేసి చూడాలని నా కోరిక.

ఇక ఆ వడపోత ఎలా జరుగుతుందో చూద్దాం. శరీరంలో ఇతరచోట్ల కేశనాళిక తరువాత సిర వస్తుంది. ఇక్కడ మాత్రం అభివాహి ధమనిక నుంచి రక్తం గుచ్ఛంలోకి వచ్చి, మళ్ళీ అపవాహి ధమనిక గుండానే బయటికి పోతుంది. రెండు చివరలా బిగించగల, వదులు చేయగల ధమనికలు ఉండడంవల్ల మధ్యనున్న గుచ్ఛంలో పీడనం సుమారు 60 మిల్లీమీటర్ల పాదరసం స్థాయిలో నిలబడుతుంది. దీనికి ఎదురుగా రెండు శక్తులు పనిచేస్తాయి: రక్తంలోని ప్రోటీన్లు నీటిని పట్టి ఉంచే ఆస్మాటిక్ పీడనం సుమారు 32, గుళికలో అప్పటికే ఉన్న ద్రవపు పీడనం సుమారు 18. ఇవి రెండూ పోగా మిగిలేది 10 మాత్రమే. ఇంత స్వల్పమైన పీడనంతో నిమిషానికి 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు వడపోయడం సాధ్యపడుతున్నదంటే, ఆ పొర అంత పలుచన, దాని వైశాల్యం అంత ఎక్కువ. రక్తపోటు కొంత పడినా పెరిగినా, సుమారు 80 నుంచి 180 వరకు, ధమనికలు తమంతట తామే సర్దుకొని వడపోతను దాదాపు నిలకడగా ఉంచుతాయి.

పొరలో మూడు అంతస్తులున్నాయి. మొదటిది కేశనాళిక లోపలి కణాల పొర. దాని నిండా రంధ్రాలున్నా రక్తకణాలు పట్టేంత పెద్దవి కావు. రెండవది ఆధారపొర, ఋణ విద్యుదావేశం గల సన్నని వల వంటి పదార్థం. మూడవది పోడోసైట్లు అనే పాదకణాలు. వీటి వేళ్ళవంటి కొసలు ఒకదానిలో ఒకటి దూరి, మధ్య సన్నని చీలికలను మాత్రమే వదులుతాయి. నీరు, సోడియం, పొటాషియం, గ్లూకోజ్, అమినో ఆమ్లాలు, యూరియా, క్రియాటినిన్ అడ్డులేకుండా దాటిపోతాయి. దాదాపు 69,000 అణుభారం గల ఆల్బుమిన్ మాత్రం పరిమాణం వల్లా, తనదీ ఋణావేశమే కావడం వల్లా ఆగిపోతుంది. మీ తాతగారి విషయంలో ఈ మూడు అంతస్తులనూ మళ్ళీ తలచుకోవలసి వస్తుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా శరీరం మొత్తంలో మూడు లీటర్లే. 180 లీటర్ల వడపోత అంటే ఆ మూడు లీటర్లూ రోజుకు 60 సార్లు వడపోతకు గురవుతున్నట్టు. అందులో ఎంత ఉప్పు పోతుందో లెక్క కట్టండి: లీటరుకు 140 మిల్లీమోల్‌ల సోడియం చొప్పున రోజుకు 25,000 మిల్లీమోల్‌లు, అంటే వంటింటి ఉప్పుగా తూస్తే దాదాపు కిలోన్నర. మనం తినేది, ఆవకాయా గోంగూర పచ్చడీ కలుపుకొని ఎంత చూసినా, గ్రాముల లెక్కే. గ్లూకోజ్ రోజుకు 180 గ్రాముల వరకు నాళికలోకి దిగుతుంది. ఆరోగ్యవంతుడి మూత్రంలో అందులో ఏమీ మిగలదు. ఇంత పోసి ఇంత ఎత్తుకోవడం వృథా శ్రమగా కనిపించడం సహజమే. ఆ శ్రమకు ఖర్చు కూడా ఉంది: నాళికా కణాల్లోని సోడియం పంపులు ఎడతెగకుండా తిరుగుతుండడం వల్ల శరీరం వాడే ఆక్సిజన్‌లో ఏడు నుంచి పది శాతం వరకు ఈ రెండు చిన్న అవయవాలకే కావాలి.

అయినా ఈ పద్ధతిలో రెండు పెద్ద లాభాలున్నాయి. చెడును ఏరివేయాలంటే ప్రతి చెడు పదార్థాన్నీ గుర్తుపట్టే ప్రత్యేకమైన ఏర్పాటు ఉండాలి. మనిషి తినే ఆకులో, మందులో, గాలిలో రేపు ఏ కొత్త పదార్థం వస్తుందో శరీరానికి ముందుగా తెలియదు. మంచిని మాత్రమే గుర్తుపట్టి వెనక్కి తీసుకుంటే చాలు, గుర్తు తెలియని చిన్న అణువు చాలావరకు తనంతట తానే బయటికి పోతుంది. రెండవది నియంత్రణ. రోజుకు 60 సార్లు ప్లాస్మాను చేతిలోకి తీసుకొని చూసే అవయవం, పునఃశోషణాన్ని, అంటే వెనక్కి తీసుకోవడాన్ని, ఒక్క శాతం అటూ ఇటూ మార్చి, నీటిని గానీ ఉప్పును గానీ గంటల్లో సరిదిద్దగలదు. 180 లీటర్లలో ఒక శాతం అంటే 1.8 లీటర్లు, రోజంతటి మూత్రంకన్నా అది ఎక్కువ. నెఫ్రాన్ గురించి నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఈ లెక్కే.

వెనక్కి తీసుకునే పనిలో సింహభాగం గుళికను ఆనుకొని మెలికలు తిరిగి ఉండే సమీపస్థ సంవళిత నాళానిది. దాని కణాల లోపలి అంచున దట్టమైన సూక్ష్మచూషకాలుంటాయి. వడపోసిన నీటిలోనూ సోడియంలోనూ మూడింట రెండు వంతులు, గ్లూకోజ్, అమినో ఆమ్లాలు దాదాపు మొత్తం ఇక్కడే రక్తంలోకి తిరిగి చేరతాయి. కణం వెనకవైపునున్న పంపు సోడియంను నిరంతరం బయటికి తోడుతూ ఉంటే, ముందువైపు నుంచి సోడియం లోపలికి దిగుతూ తనతో గ్లూకోజ్‌ను పట్టుకొస్తుంది. గ్లూకోజ్‌లో తొంభై శాతాన్ని ఎస్‌జీఎల్‌టీ2 అనే వాహకమూ, మిగిలినదానిని ఎస్‌జీఎల్‌టీ1 అనే వాహకమూ తీసుకుంటాయి. వాహకాల సంఖ్యకు హద్దుంది కనుక రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే కొంత ఏరుకోలేక మూత్రంలోకి జారుతుంది. అంటే మూత్రంలో చక్కెర కనిపించినంత మాత్రాన వడపోత పొర చెడినట్టు కాదు. ఏరుకునే నాళికకు తలకు మించిన భారం పడినట్టు.

తరువాతిది హెన్లీ శిక్యం, అంటే కిందికి దిగి మలుపు తిరిగి మళ్ళీ పైకి ఎక్కే నాళిక భాగం. దీని పేరుకు కారణమైన యాకోబ్ హెన్లీ దానిని 1862లో వర్ణించాడు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి నెమ్మదిగా చెబుతాను. మూత్రపిండపు బయటి భాగమైన వల్కలం నుంచి లోపలి భాగమైన దవ్వలోకి దిగే కాడ నీటిని వదులుతుంది. మళ్ళీ పైకి ఎక్కే మందమైన కాడ నీటిని ససేమిరా వదలదు, ఉప్పును మాత్రం బలంగా బయటికి తోడుతుంది. పైకి ఎక్కే కాడ తోడిన ఉప్పు చుట్టూ ఉన్న దవ్వలో పేరుకుంటుంది. ఆ ఉప్పదనం కిందికి దిగే కాడ నుంచి నీటిని లాగుతుంది. ఆ ద్రవం ఇంకా చిక్కబడి మలుపు తిరిగి పైకి ఎక్కుతూ మరింత ఉప్పును అందిస్తుంది. ఇలా ఎదురెదురు ప్రవాహాలు ఒకదానినొకటి బలపరచుకోవడంవల్ల రక్తంలో లీటరుకు 300 మిల్లీ ఆస్మోల్‌లుగా (కరిగి ఉన్న కణాల లెక్కకు ఇది కొలత) ఉండే గాఢత దవ్వ కొసన 1,200 వరకు పెరుగుతుంది. ఇందులో యూరియాకు కూడా పెద్ద భాగం ఉంది. మనం వ్యర్థమని పిలిచే పదార్థాన్నే దవ్వ తన పనిముట్టుగా వాడుకుంటున్నది. దవ్వకు రక్తం తెచ్చే నాళాలు కూడా అదే శిక్యం ఆకారంలో దిగి ఎక్కుతాయి కనుక పోగైన ఉప్పు కొట్టుకుపోదు. ఈ శిక్యం క్షీరదాలకూ పక్షులకూ మాత్రమే ఉంది. కాళ్ళ వాపుకు ఇచ్చే ఫ్యూరోసెమైడ్ పైకి ఎక్కే మందమైన కాడలోని ఉప్పు వాహకాన్ని ఆపుతుంది; ఆ మాత్ర వేసుకున్నవారు అన్నిసార్లు మూత్రానికి లేవడానికి కారణం అదే.

శిక్యం దాటాక వచ్చే దూరస్థ సంవళిత నాళానికి చేరేసరికి వడపోసిన సోడియంలో పదో వంతుకన్నా తక్కువే మిగిలి ఉంటుంది. ఇక్కడి నుంచి, నెఫ్రాన్ల ద్రవాన్ని పోగుచేసే సంగ్రహణ నాళం చివరి వరకు జరిగేది హార్మోన్ల ఆజ్ఞ ప్రకారం చేసే తుది సర్దుబాటు. ఆల్డోస్టిరాన్ సోడియంను వెనక్కి రప్పించి, బదులుగా పొటాషియంను మూత్రంలోకి పంపిస్తుంది. మనం తినే పొటాషియం బయటికి పోయేది ముఖ్యంగా ఈ స్రావం ద్వారానే. అందుకే ఆరోగ్యవంతులకు హితమైన కొబ్బరినీళ్ళు, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి గుండె లయ తప్పేంత ప్రమాదం కావచ్చు. స్రావం అంటే వడపోతను తప్పించుకున్న పదార్థాన్ని నాళిక గోడ రక్తం నుంచి స్వయంగా లాగి మూత్రంలో వేయడం. హైడ్రోజన్ అయాన్లు, చాలా మందులు కూడా ఇలాగే పోతాయి. 1940ల మొదట్లో పెన్సిలిన్ ఎంత వేగంగా ఇలా బయటికి పోయేదంటే, అరుదైన ఆ మందును రోగుల మూత్రం నుంచి తిరిగి సేకరించి మళ్ళీ వాడారు.

ఇక ఎండాకాలం సంగతి. సంగ్రహణ నాళం ఉప్పగా ఉన్న దవ్వ మధ్య నుంచే కిందికి దిగుతుంది. దాని గోడలో నీటి ద్వారాలు తెరచి ఉంటే నీరు దవ్వలోకి లాగబడుతుంది, మూసి ఉంటే పలుచని మూత్రంగా బయటికి పోతుంది. ద్వారాలను తెరిపించేది వాసోప్రెసిన్ అనే హార్మోన్. విజయవాడ ఎండలో చెమట రూపంలో నీరు పోయి రక్తపు గాఢత ఒకటి రెండు శాతం పెరిగితే చాలు, మెదడులోని హైపోథాలమస్ దానిని పసిగడుతుంది, పీయూషగ్రంథి నుంచి వాసోప్రెసిన్ విడుదలవుతుంది, ఆక్వాపోరిన్ 2 అనే ద్వారాలు కణపు అంచుకు చేరతాయి. నీటి ద్వారాలైన ఆక్వాపోరిన్లను కనుగొన్నందుకు పీటర్ అగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ హార్మోన్ బొత్తిగా లేనివారికి రోజుకు ఇరవై లీటర్ల దాకా మూత్రం పోవచ్చు. కాబట్టి మీకు మూత్రం తగ్గి ముదురు రంగులో రావడం మూత్రపిండం చెడిందనడానికి గుర్తు కాదు, అది చక్కగా పనిచేస్తున్నదనడానికి గుర్తు. రంగునిచ్చే వర్ణకం రోజూ దాదాపు అంతే తయారవుతుంది; అది కరిగే నీరు తగ్గింది, అంతే.

అయితే దీనికి ఒక హద్దుంది, దానిని తేలికగా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. రోజుకు సుమారు 600 మిల్లీ ఆస్మోల్‌ల పదార్థాలు తప్పనిసరిగా బయటికి పోవాలి. ఎంత చిక్కబరచినా లీటరుకు 1,200 దాటదు కనుక కనీసం అర లీటరు మూత్రం పోకతప్పదు. రోజంతా ఆ హద్దు దగ్గరే ఉంటే రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. దవ్వకు మామూలుగానే ఆక్సిజన్ తక్కువ అందుతుంది; నీరు తగ్గి రక్తప్రవాహం మందగిస్తే ముందు నలిగేది అదే. కోచింగ్ సెంటర్లో మూత్రశాలకు వెళ్ళడానికి ఇబ్బందిపడి నీళ్ళు తాగడం మానివేసే ఆడపిల్లలు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. దయచేసి అలా చేయకండి. నీళ్ళు, మజ్జిగ తాగిన తరువాత కొన్ని గంటల్లో రంగు పలుచబడితే భయపడవలసింది లేదు. తాగినా రంగు మారకపోతే, టీ డికాక్షన్ రంగులోనో ఎరుపుగానో వస్తే, మంటగానీ జ్వరంగానీ ఉంటే అది వేరే సంగతి, వైద్యులకు చూపించాలి.

మీ తాతగారి రెండు నివేదికలలో ఏది నిజమని అడిగారు. రెండూ నిజమే, అవి నెఫ్రాన్ గురించి రెండు వేర్వేరు విషయాలు చెబుతున్నాయి. క్రియాటినిన్ కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో వచ్చి, గుచ్ఛంలో వడపోతకు గురై, నాళికలో వెనక్కి రాకుండా బయటికి పోతుంది. కనుక రక్తంలో దాని స్థాయి మొత్తం వడపోత ఎంత జరుగుతున్నదో తెలుపుతుంది. వడపోత సగానికి తగ్గితే క్రియాటినిన్ రెట్టింపవుతుంది. కానీ ఒకప్పుడు 0.6 ఉన్న మనిషికి అది 1.2 అయినా ప్రయోగశాల కాగితం మామూలేనని చూపిస్తుంది. వయసుతో కండ తగ్గినవారిలో ఈ మరుగు ఇంకా ఎక్కువ. క్రియాటినిన్ నుంచి వడపోతను అంచనా వేసే, 2021లో సవరించిన సూత్రం ప్రకారం 75 ఏళ్ళ పురుషుడికి 1.1 అంటే వడపోత నిమిషానికి సుమారు 70 మిల్లీలీటర్లు. ఆ వయసుకు ఇది ఆందోళనపడవలసిన సంఖ్య కాదు, అలాగని 125 కూడా కాదు.

ఆల్బుమిన్ చెప్పేది పొర పరిస్థితి. ఏళ్ళ తరబడి చక్కెర ఎక్కువగా ఉంటే ఆధారపొర మందమవుతుంది, పాదకణాలు రాలిపోతాయి, గుచ్ఛంలో పీడనం పెరుగుతుంది. ఆగవలసిన ఆల్బుమిన్ జారడం మొదలవుతుంది. చాలామంది మధుమేహరోగుల్లో ఇది క్రియాటినిన్ పెరగడానికి ఏళ్ళ ముందే కనిపిస్తుంది. మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు 30 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు, 30 నుంచి 300 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉంది: శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు మూత్రపిండాల వ్యాధిలో దెబ్బ ప్రధానంగా నాళికల మీదా వాటి మధ్యనున్న కణజాలం మీదా పడుతుంది కనుక, మూత్రంలో ప్రోటీన్ అంతగా కనిపించకుండానే క్రియాటినిన్ పెరుగుతూ పోతుంది. అందువల్ల ఒక పరీక్ష బాగుందని రెండవదానిని పక్కన పెట్టకూడదు.

జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు పడిన కఠిన శ్రమ కూడా తాత్కాలికంగా ఆల్బుమిన్ చూపించగలవు. కనుక మూడు నెలల వ్యవధిలో పరీక్షను మళ్ళీ చేయించి, మూడింట రెండుసార్లు కనిపిస్తేనే నిర్ధారిస్తారు. నిర్ధారణ అయితే రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలను వైద్యులు సూచించవచ్చు. అవి అపవాహి ధమనికను వదులుచేసి గుచ్ఛంలో పీడనాన్ని తగ్గిస్తాయి. డపాగ్లిఫ్లోజిన్ వంటి మందు కూడా రాయవచ్చు. 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి తీసిన ఫ్లోరిజిన్ అనే పదార్థపు వంశం నుంచి వచ్చిన ఈ మందులు ఎస్‌జీఎల్‌టీ2ను ఆపుతాయి కనుక, వాటిని వాడుతున్నంతకాలం మూత్రపరీక్షలో చక్కెర కనిపించి తీరుతుంది. దానిని చూసి మందు పనిచేయడం లేదని మానిపించకండి. మోకాళ్ళ నొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ వంటి మాత్రలను మాత్రం ఇంట్లో వెతికి చూసి, వాడుతున్నట్టయితే ఆ సంగతి వైద్యులకు చెప్పండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అభివాహి ధమనికను తెరచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు; ఆ మాత్రలు ఆపేది వాటినే, కాబట్టి మే నెలలో ఆ వయసువారికి అవి మరింత ప్రమాదం.